పాత హాలీవుడ్ ప్రేమ హాస్య చిత్రాలు: ఏది ముందు చూడాలి, ఎవరి కోసం చూడాలి

1930ల నాటి హాలీవుడ్ ప్రేమ హాస్య చిత్రాలు చూద్దామని సరదాపడి, మొదటి సినిమాతోనే విసుగెత్తి మానేసినవారు నాకు చాలామంది తెలుసు. దాదాపు అందరికీ జరిగింది ఒకటే. గొప్ప సినిమాల జాబితాలో పైన కనిపించినదాన్ని పెట్టుకుంటారు. అది ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ అయి ఉంటుంది, లేదంటే ‘బ్రింగింగ్ అప్ బేబీ’. తెర మీద ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడుతుంటారు. కింద సబ్‌టైటిల్స్ పరుగులు తీస్తుంటాయి. అవి చదివేసరికి నటుల ముఖంలో మెరిసి మాయమైనది చూడలేకపోతాం. అరగంట తిరిగేసరికి తల వేడెక్కుతుంది. రెండూ గొప్ప సినిమాలే, అందులో నాకు అనుమానం లేదు. కానీ వాటితో మొదలుపెట్టకూడదు.

ఈ చిత్రాల ప్రాణమంతా మాటల్లో ఉంది. 1927 తర్వాత సినిమాకు మాట రాగానే న్యూయార్క్ నాటకశాలల నుంచి, పత్రికాఫీసుల నుంచి రచయితలు గుంపులుగా హాలీవుడ్‌కు తరలివెళ్లారు. 1929లో షేర్ మార్కెట్ కుప్పకూలి దేశం మాంద్యంలో కూరుకుపోయింది. టికెట్టు కొనుక్కుని వచ్చిన ప్రేక్షకుడికి ధనవంతుల ఇళ్లలోని వైభవం చూడాలనీ ఉంది, వాళ్లకు కాస్త బుద్ధి వస్తుంటే చూడాలనీ ఉంది. ఇంతలో 1930లోనే రాసిపెట్టుకున్న ప్రొడక్షన్ కోడ్, అంటే తెర మీద ఏది చూపవచ్చో ఏది కూడదో చెప్పే నియమావళి, 1934 మధ్య నుంచి దాని అమలు చూసే జోసెఫ్ బ్రీన్ చేతిలో కచ్చితంగా అమలు కావడం మొదలైంది. తెర మీద శృంగారానికి హద్దులు పడ్డాయి. ముద్దుతో, కౌగిలితో చెప్పే వీలు తగ్గాక రచయితలు ఆ పని తగవుకు అప్పగించారు. నాయికా నాయకులు మాటకు మాట విసురుకుంటుంటారు. వాళ్లలో ఇష్టం ఎప్పుడు మొలకెత్తిందో మనకు తెలుస్తుంది, వాళ్లకింకా తెలియదు. స్క్రూబాల్ కామెడీలుగా పేరుపడ్డ ఈ చిత్రాల్లో ఆడది మగవాడికి అన్నింటా సమవుజ్జీ. చాలాచోట్ల ఒక మెట్టు పైనే ఉంటుంది. 

కాబట్టి ఎంపికకు అవార్డుల లెక్క, ర్యాంకుల లెక్క పెద్దగా పనికిరావు. సంభాషణ ఎంత వేగంగా సాగుతుంది, ఆ తగవు ఎలాంటిది అన్న రెండు విషయాలు చూసుకుంటే చాలు. అపరిచితుల తగవా, విడాకులు తీసుకున్నవాళ్ల తగవా, ఒకే కొట్టులో పనిచేసేవాళ్ల తగవా, మోసగత్తెకూ అమాయకుడికీ మధ్య తగవా? మీ మనసు దేని మీదికి పోతుందో ఆ సినిమా మీది.

మొట్టమొదటి సినిమాగా నేను చెప్పదగ్గవి రెండే. ఒకటి ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’, రెండోది ‘ద షాప్ అరౌండ్ ద కార్నర్’.

ఫ్రాంక్ కాప్రా కొలంబియా సంస్థకు తీసిన ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’ 1934లో వచ్చింది. తండ్రి పడవ మీద నుంచి నీళ్లలోకి దూకి పారిపోయిన కోటీశ్వరుడి కూతురు ఎల్లీ, ఉద్యోగం పోయిన విలేకరి పీటర్, మయామీ నుంచి న్యూయార్క్ వెళ్లే బస్సు. కథ ఇంతే. పీటర్‌గా వేసిన క్లార్క్ గేబుల్‌ను ఎంజీఎం సంస్థ ఈ సినిమా కోసం కొలంబియాకు అరువిచ్చింది. క్లోడెట్ కోల్బెర్ట్‌కు ఎల్లీ వేషం వేయడం పెద్దగా ఇష్టం లేదు. అటువంటి సినిమా ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, రచన అనే అయిదు ప్రధాన ఆస్కార్లనూ ఒక్కటే గెలుచుకుంది. మళ్లీ 1975 నాటి చిత్రం ఒకటి వచ్చేదాకా ఆ ఘనత ఇంకే సినిమాకూ దక్కలేదు.

ఇందులో రోడ్డు పక్కన బొటనవేలు చూపి కార్లు ఆపబోయే సన్నివేశం గురించి అందరూ చెబుతారు. నాకు అంతకంటే ఇష్టమైనది పొద్దున్నే జరిగే మరొకటి. దారిలో ఒక చిన్న బసలో భార్యాభర్తలమని చెప్పి ఇద్దరూ ఒకే గది తీసుకుంటారు. మధ్యలో తాడు కట్టి దుప్పటి వేలాడదీసి రాత్రి గడుపుతారు. తెల్లవారేసరికి తండ్రి పంపిన డిటెక్టివులు వచ్చి తలుపు కొడతారు. పీటర్ ఒక్క ఉదుటున ఎల్లీ జుట్టు చెదరగొట్టి, విసుగెత్తిన మొగుడిలా గొణగడం మొదలుపెడతాడు. ఎల్లీ ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే పల్లెటూరి ఇల్లాలి గొంతు ఎత్తుకుంటుంది. ఎప్పుడో ఒక విందులో ఎవడో ఆమె మీద చనువు చూపిన సంగతి తీసి అతను అరుస్తాడు, ఆమె ఏడుపు లంకించుకుంటుంది. డిటెక్టివులు ముఖాలు ముడుచుకుని వెళ్లిపోతుంటే, మంచి సంసారులను ఇబ్బంది పెట్టారని బస యజమాని వాళ్లనే చీవాట్లు పెడతాడు. తలుపు మూసుకోగానే ఇద్దరూ పడీపడీ నవ్వుతారు. ఒకరి నటనను ఒకరు మెచ్చుకుంటూ నవ్వే ఆ నవ్వులోనే వాళ్ల పెళ్లి ఖాయమైపోయింది. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలుగా నటించే జంటను ‘మిస్సమ్మ’లో చూసి మురిసిన మన ప్రేక్షకులకు ఈ సన్నివేశం పరాయిదిగా అనిపించదు.

కథ మనకు ముందే తెలిసి ఉండటం మరో లాభం. మద్రాసులోని ఏవీఎం సంస్థ 1956లో రాజ్ కపూర్, నర్గీస్‌లతో తీసిన ‘చోరీ చోరీ’కి మూలం ఇదే. 1991లో ఆమిర్ ఖాన్, పూజా భట్ నటించిన ‘దిల్ హై కే మాన్‌తా నహీ’కీ ఇదే ఆధారం. వాటిలో ఒకటి చూసినా చాలు, సబ్‌టైటిల్స్ మీద ఆధారపడటం సగానికి తగ్గి కళ్లు ముఖాల మీద నిలుస్తాయి. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఈ అమ్మాయికి రెండు తగిలించాలి అన్న ధోరణి ఇందులో ఒకటి రెండు చోట్ల వినిపిస్తుంది. తండ్రి ఆమెను చెంపదెబ్బ కొట్టే ఘట్టమూ ఉంది. పిల్లలతో కలిసి చూస్తే అక్కడ ఒక మాట వివరించి చెప్పడం మంచిది.

‘ద షాప్ అరౌండ్ ద కార్నర్’ 1940 నాటిది. దర్శకుడు ఎర్నెస్ట్ లూబిచ్ బెర్లిన్‌లో పుట్టి పెరిగి, అక్కడే పేరు తెచ్చుకుని అమెరికా వచ్చినవాడు. కథ బుడాపెస్ట్‌లో ఒక తోలు సామాను కొట్టులో జరుగుతుంది. ఆల్‌ఫ్రెడ్ క్రాలిక్ అక్కడ ఎన్నేళ్లుగానో పనిచేస్తున్న గుమాస్తా. క్లారా కొత్తగా చేరిన అమ్మాయి. వాళ్లిద్దరికీ క్షణం పడదు. కానీ పత్రికా ప్రకటన పుణ్యమా అని, ఎవరికి రాస్తున్నామో తెలియకుండా, ఇద్దరూ ఒకరికొకరు ప్రేమలేఖలు రాసుకుంటుంటారు. 1998లో వచ్చిన ‘యూ హావ్ గాట్ మెయిల్’కు మూలం ఈ సినిమానే. ఆ ఇద్దరి పాత్రలు వేసిన జేమ్స్ స్టూవర్ట్, మార్గరెట్ సల్లవన్ సినిమాల్లోకి రాకముందు నుంచే స్నేహితులు. కుర్రతనంలో ఒకే నాటక బృందంలో పనిచేశారు. అందుకేనేమో ఇద్దరూ పోట్లాడుకునేటప్పుడు కూడా మనకు కోపం రాదు, జాలి కలుగుతుంది.

తపాలా కార్యాలయంలో గోడకు వరుసగా చిన్న చిన్న పెట్టెలుంటాయి. కెమెరా వాటి లోపలి వైపు ఉంటుంది. ఒక పెట్టె తలుపు తెరుచుకుని తొడుగు వేసుకున్న చేయి లోపలికి వస్తుంది. ఉత్తరం కోసం తడుముతుంది. ఏమీ ఉండదు. చేయి ఒక్క నిమేషం ఆగి వెనక్కి వెళుతుంది, ఆ చదరంలో క్లారా ముఖం కనిపిస్తుంది, ఖాళీ పెట్టెలోకి చూస్తూ. మాట ఒక్కటీ లేదు. ఆ ఉత్తరం ఎందుకు రాలేదో మనకు తెలుసు, ఆమెకు తెలియదు. ప్రేమ హాస్య చిత్రం కడుపుబ్బ నవ్వించడమే కాక ఇంత దూరం వెళ్లగలదని నాకు చూపించింది ఈ ఒక్క దృశ్యమే. కొట్టు యజమాని మాటుషెక్ పాత్రలో ఫ్రాంక్ మోర్గన్‌ను కూడా గమనించండి. క్రిస్మస్ ముందు రోజు రాత్రి మంచులో నిలబడి, తనతో భోజనానికి వచ్చే తోడు కోసం ఉద్యోగుల్లో ఒక్కొక్కరినీ వాకబు చేసే ఆ పెద్దాయన ఈ సినిమాకు సగం బలం.

రెండింట్లో ఏది ముందు? ఇంట్లో నలుగురూ కూర్చుని చూసేటట్టయితే ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’ పెట్టండి. ప్రయాణం, పరుగు, కొంటెతనం ఉన్నాయి, ఎవరికీ నిద్ర రాదు. ఒంటరిగా చూసేవారికి, ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఎలా ఉంటుందో తెలిసినవారికి ‘షాప్’ ముందు. నా వరకు ఈ రెండింట్లో ‘షాప్’ గొప్పది. కాప్రా సినిమాలో డబ్బు లేకపోవడం ఒక సరదా. లూబిచ్ సినిమాలో జీతం నిజంగా జీతమే. దానిమీద ఇల్లు నడుస్తుంది, పెళ్లి ఆగిపోతుంది, ఆత్మగౌరవం ఊగిసలాడుతుంది.

ఈ రెండూ అయ్యాక కేరీ గ్రాంట్ దగ్గరకు రావచ్చు. అసలు పేరు ఆర్చిబాల్డ్ లీచ్. 1904లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పుట్టాడు, కుర్రతనంలోనే గారడీ విన్యాసాలు చేసే ఒక బృందంలో చేరాడు. సూటు నలగకుండా బోర్లా పడగలిగే నేర్పు అతనికి అక్కడే అబ్బింది. నాలుగేళ్లలోపు వచ్చిన అతని సినిమాలు మూడు పక్కపక్కన పెట్టుకుంటే ఎంపిక సులువవుతుంది: ‘ది ఆఫుల్ ట్రూత్’ 1937, ‘బ్రింగింగ్ అప్ బేబీ’ 1938, ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ 1940.

నా ఓటు ‘ది ఆఫుల్ ట్రూత్’కే. ఒకరి మీద ఒకరికి అనుమానంతో విడాకులకు వెళ్లిన దంపతులు, తీర్పు పూర్తిగా అమల్లోకి వచ్చేలోగా ఒకరి కొత్త సంబంధాన్ని ఇంకొకరు చెడగొడుతుంటారు. కోర్టులో కుక్క ఎవరిదన్న పంచాయితీ కూడా నడుస్తుంది. దర్శకుడు లియో మెకేరీ షూటింగ్‌లో అప్పటికప్పుడు సన్నివేశాలు అల్లేవాడు. ఆ పద్ధతికి బెదిరిపోయి గ్రాంట్ మొదట్లో సినిమా వదిలేసి వెళ్లిపోవాలని చూశాడు. చివరికి మెకేరీకి ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ వచ్చింది, గ్రాంట్‌కు జీవితాంతం నిలిచిన తెర రూపం వచ్చింది.

ఇందులో భార్యగా వేసిన ఐరీన్ డన్ పాట కచేరీ ఘట్టం ఒక్కటి చాలు. భార్య ఎవరితోనో రహస్యంగా ఉందనుకుని భర్త జెర్రీ, అంటే గ్రాంట్, ఒక గదిలోకి దూసుకువస్తాడు. అక్కడ చూస్తే పెద్దమనుషులు బుద్ధిగా కూర్చుని ఆమె పాట వింటున్నారు. సిగ్గుతో వెనక వరుసలో ఒక కుర్చీలో సర్దుకుంటాడు. కుర్చీని వెనక్కి వాలుస్తాడు. అది జారుతుంది. పక్కనున్న బల్లతో సహా చప్పుడు చేసుకుంటూ కింద పడతాడు. ఆమె పాట ఆపదు. ఆఖరి స్వరం దగ్గరకు వచ్చేసరికి మాత్రం గొంతులో చిన్న నవ్వు దూరి, ఆ స్వరం నవ్వుగా మారి ముగుస్తుంది. ఆ నవ్వుతో అతన్ని క్షమించేసిందని మనకు అర్థమైపోతుంది. శిక్షణ పొందిన గాయని కాబట్టే ఐరీన్ డన్ అది అంత సున్నితంగా చేయగలిగింది. ఈ తరం తారల్లో ఆమెను తలుచుకునేవారు తక్కువ. నాకు అది పెద్ద అన్యాయంగా తోస్తుంది.

‘బ్రింగింగ్ అప్ బేబీ’లో వేగం, గోల రెట్టింపు. ఒక బ్రాంటోసారస్ అస్థిపంజరం పూర్తి కావడానికి ఒక్క ఎముక తక్కువైన శాస్త్రవేత్తగా గ్రాంట్, అతని జీవితాన్ని తలకిందులు చేసే సూసన్‌గా కాథరిన్ హెప్‌బర్న్, మధ్యలో ఒక పెంపుడు చిరుతపులి. హోటల్లో ఆమె గౌను వెనక చిరిగిపోతే అతను ఆమె వెనకే అంటుకుని, అడుగులో అడుగేస్తూ బయటికి నడిపించుకుపోయే దృశ్యం నవ్వులో ఏ సినిమాకూ తీసిపోదు. హావర్డ్ హాక్స్ తీసిన ఈ సినిమా మొదటి విడుదలలో దెబ్బతింది. అదే ఏడాది థియేటర్ యజమానుల సంఘం ఒక ప్రకటన వేసి, హెప్‌బర్న్‌ను వసూళ్లకు విషంలాంటి తారల జాబితాలో చేర్చింది. సినిమాలో ఊపిరి తీసుకునే చోటు లేదన్నది నిజమే. అలసటతో ఉన్న రాత్రి దీన్ని పెట్టకండి. మనసు తేలికగా ఉన్న సెలవు రోజు మధ్యాహ్నం చూడండి. ఇందులో ఎముకను పాతిపెట్టే కుక్క, ‘ఆఫుల్ ట్రూత్’లో కోర్టుకెక్కిన కుక్క ఒకటే, దాని పేరు స్కిప్పీ. ‘ద థిన్ మ్యాన్’లోని ఆస్టా అనే కుక్క కూడా అదే.

‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ను ఆఖరుకు ఉంచండి. ‘ద ఫ్రంట్ పేజ్’ అనే నాటకంలో సంపాదకుడు, విలేకరి ఇద్దరూ మగవాళ్లే. హాక్స్ ఆ విలేకరిని ఆడదాన్ని చేశాడు, పైగా సంపాదకుడి మాజీ భార్యను చేశాడు. ఆ ఒక్క మార్పుతో పాత నాటకం కొత్త ప్రేమకథ అయింది. రోజలిండ్ రస్సెల్ వేసిన హిల్డీ ఉద్యోగం మానేసి బీమా ఏజెంటును పెళ్లాడబోతుంది. ఆమె మనసు వార్త మీదే ఉందని గ్రాంట్ వేసిన సంపాదకుడు వాల్టర్‌కు తెలుసు. హిల్డీ ఫోను చెవిన పెట్టుకుని, మరో చేత్తో రాసుకుంటూ, గదిలో ఉన్నవాడికి జవాబు చెబుతూ ఉంటే చూసి, పని మీద ప్రేమను ఇంత అందంగా తెరకెక్కించిన సినిమా ఇంకొకటి లేదనుకుంటాను. ముగ్గురి మాటలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి కాబట్టి ఇంగ్లీషు ధారాళంగా వినగలిగినవారు సబ్‌టైటిల్స్ తీసేసి చూడటం మేలు. మిగతావారు రెండుసార్లు చూడాలి, ఒకసారి కథ కోసం, ఇంకోసారి నటుల కోసం. నల్లజాతివారి గురించి ఇందులో వచ్చే ఒకటి రెండు మాటలు ఈనాడు వింటే చివుక్కుమంటుంది. ఉరికంబం నీడలో నడిచే కథ కాబట్టి పూర్తిగా తేలిక హాస్యం కోరేవారికి ఇది సరిపడదు కూడా.

‘ఆఫుల్ ట్రూత్’లోనూ ఇందులోనూ గ్రాంట్ చేతిలో ఓడిపోయే రెండో పెళ్లికొడుకు రాల్ఫ్ బెల్లమీయే. ఇందులో ఆ పాత్ర ఎలా ఉంటాడో చెబుతూ వాల్టర్, సినిమాల్లో ఉండే రాల్ఫ్ బెల్లమీ లాగా ఉంటాడంటాడు. మొదటి సినిమా ముందు చూసినవారికే ఆ మాటలోని రుచి పూర్తిగా అందుతుంది. నేను చెప్పిన వరుసకు ఇదీ ఒక కారణం.

ధనవంతుల ఇంటి గొడవలు ఇష్టమైతే ‘మై మ్యాన్ గాడ్‌ఫ్రీ’ (1936), ‘ద ఫిలడెల్ఫియా స్టోరీ’ (1940) మధ్య ఎంచుకోవాలి. పేరు రెండోదానికే ఎక్కువ. వినోదం దృష్ట్యా నేను మొదటిదాన్నే చెబుతాను. మాంద్యంలో రోడ్డున పడ్డవాళ్లు తలదాచుకున్న చెత్తదిబ్బ దగ్గరకు, పట్టుబట్టలు కట్టుకున్న అక్కచెల్లెళ్లు వింత వింతవి వెతికి తెచ్చే ఒక ఆటలో భాగంగా ఒక ‘మరచిపోయిన మనిషి’ని పట్టుకుపోవడానికి వస్తారు. అక్కడే సినిమా మనల్ని చెంప మీద కొట్టినట్టు లేపుతుంది. చెల్లెలు ఐరీన్ అతన్ని ఇంట్లో బట్లర్‌గా పెట్టుకుంటుంది. ఆ ఇద్దరిగా వేసిన విలియం పావెల్, కరోల్ లొంబార్డ్ అప్పటికి విడాకులు తీసుకుని మూడేళ్లు. అయినా ఈ పాత్రకు ఆమే కావాలని పావెల్ పట్టుబట్టాడు. నటనకున్న నాలుగు విభాగాల్లోనూ ఆస్కార్ నామినేషన్లు పొందిన మొదటి చిత్రం ఇది, ఒక్కటీ గెలవలేదు. పేదల సమస్యకు ముగింపులో చూపిన పరిష్కారం మరీ తేలిక, అది నాకు ఎప్పుడూ నచ్చదు. లొంబార్డ్ మాత్రం ప్రతి క్షణం వెలుగుతూనే ఉంటుంది. యుద్ధ బాండ్ల ప్రచారం ముగించుకుని తిరిగివస్తూ 1942 జనవరిలో విమాన ప్రమాదంలో ఆమె కన్నుమూసింది. అప్పటికి ఆమెకు 33 ఏళ్లే.

‘ఫిలడెల్ఫియా స్టోరీ’ హెప్‌బర్న్ పునర్జన్మ. వసూళ్లకు విషమని ముద్ర వేసిన పరిశ్రమకు దూరమై, నాటకరంగంలో ఈ నాటకంతో విజయం సాధించింది. కోటీశ్వరుడు హావర్డ్ హ్యూస్ కొనిచ్చిన సినిమా హక్కులు చేతిలో పెట్టుకుని, తన షరతుల మీద ఎంజీఎంకు వచ్చింది. దర్శకుడు జార్జ్ క్యూకర్, పక్కన గ్రాంట్, స్టూవర్ట్. తాగి తూలుతూ స్టూవర్ట్ అర్ధరాత్రి గ్రాంట్ ఇంటికొచ్చే సన్నివేశం కోసం ఎన్నిసార్లైనా చూడవచ్చు. స్టూవర్ట్‌కు ఉత్తమ నటుడి ఆస్కార్ తెచ్చింది కూడా ఈ పాత్రే. అయితే సినిమా పొడుగునా హెప్‌బర్న్ పాత్రను మగవాళ్లందరూ నిలబెట్టి పాఠం చెబుతుంటారు. తండ్రి తన తప్పుకు కూడా ఆమెనే బాధ్యురాలిని చేస్తాడు. ఆ భాగం నాకు మింగుడుపడదు. అదే దర్శకుడు, అదే గ్రాంట్, హెప్‌బర్న్ జంట, 1938 నాటి ‘హాలిడే’ దీనికంటే మనసున్న సినిమా. డబ్బు సంపాదన ఆపి కొన్నాళ్లు బతికి చూడాలనుకునే కుర్రాడి కథ. ఉద్యోగంలో నలిగిపోతున్న వయసులో ఉన్నవారు దాన్ని తప్పక చూడాలి.

పెళ్లితో కథ ముగిసిపోవడం మీకు నచ్చకపోతే, పెళ్లయ్యాక కూడా ఒకరంటే ఒకరు పడిచచ్చే దంపతులను చూడాలనుంటే ‘ద థిన్ మ్యాన్’ (1934) ఉంది. హత్య పరిశోధన ఒక సాకు మాత్రమే. పావెల్, మిర్నా లాయ్ ఒకరినొకరు ఆటపట్టిస్తూ గడిపే క్షణాలే అసలు సినిమా. ఇద్దరూ కలిసి మొత్తం 14 చిత్రాల్లో నటించారు. అమెరికాలో మద్య నిషేధం 1933 డిసెంబరులో ముగిసింది, తర్వాతి ఏడాదే వచ్చిన సినిమా కాబట్టి తాగుడు మాత్రం ధారగా సాగుతుంది.

కోడ్ గట్టిపడకముందు ఈ తరహా ఎంత స్వేచ్ఛగా ఉండేదో తెలియాలంటే లూబిచ్ తీసిన ‘ట్రబుల్ ఇన్ పారడైజ్’ (1932) చూడండి. వెనిస్‌లో ఒక దొర, ఒక దొరసాని భోజనానికి కూర్చుంటారు. ఇద్దరూ దొంగలే. భోజనం మధ్యలో అతను ఆమె దగ్గర కొట్టేసిన పిన్ను మర్యాదగా తిరిగిచ్చేస్తాడు, ఆమె అతని గడియారం తిరిగిచ్చి టైము సరిచేశానంటుంది. అక్కడితో ప్రేమలో పడిపోతారు. కోడ్ అమలయ్యాక ఈ సినిమాను మళ్లీ విడుదల చేయనివ్వలేదు. ఇది పెద్దవాళ్ల సినిమా, పిల్లలతో వద్దు. అదే లూబిచ్ 1939లో గ్రేటా గార్బోతో తీసిన ‘నినోచ్కా’ను ఇంటిల్లిపాదీ చూడవచ్చు. సోవియట్ అధికారిణిగా పారిస్ వచ్చిన గార్బో, భోజనశాలలో మెల్విన్ డగ్లస్ ఎన్ని జోకులు చెప్పినా నవ్వదు. అతను కుర్చీతో సహా పడిపోగానే పగలబడి నవ్వుతుంది. అంతవరకూ విషాద నాయికగా పేరుపడ్డ గార్బో నవ్వుతుందన్న మాటనే ఎంజీఎం ఈ సినిమా ప్రచారానికి వాడుకుంది. నాకైతే ‘ట్రబుల్’ ముందు, ‘నినోచ్కా’ తర్వాత.

మాటలు రాకముందు నాటివి కూడా కొన్ని ఉన్నాయి. వాటిలో క్లారా బో నటించిన ‘ఇట్’ (1927) ఒక్కటి చాలు. పెద్ద దుకాణంలో సేల్స్ గర్ల్, దాని యజమాని, ఆమె కళ్లు. సబ్‌టైటిల్స్ బాధ అసలే లేదు కాబట్టి పదేళ్ల పిల్లలు కూడా హాయిగా చూస్తారు.

ప్రింటు సంగతి ఎంపికలో భాగమేనని చాలామంది గుర్తించరు. ‘గాడ్‌ఫ్రీ’, ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ సినిమాల కాపీరైట్‌ను అమెరికాలో సకాలంలో పొడిగించలేదు. దాంతో ఎవరు పడితే వారు వాటిని నకలు చేసి పంచారు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే కాపీల్లో చాలావాటిలో ముఖాలు సున్నం కొట్టినట్టుంటాయి, మాటలు గరగరలాడతాయి. మాటే ప్రాణమైన సినిమాను అలా చూడటం వృథా. ఈ రెండింటితోపాటు ఇక్కడ చెప్పినవాటిలో చాలావాటిని క్రైటీరియన్ సంస్థ శుభ్రపరచి విడుదల చేసింది. దొరికితే అవే చూడండి. తెర దాదాపు చతురస్రంగా, రెండు పక్కలా నల్లటి ఖాళీతో కనిపిస్తే అదే సరైన కొలత. టీవీ నిండాలని సాగదీస్తే నటులు లావుగా కనిపిస్తారు, పైనా కిందా కత్తిరిస్తే చేతుల నటన పోతుంది. రంగులు పూసిన కాపీల జోలికి పోవద్దు. వెలుగునీడలతో కోల్బెర్ట్ ముఖాన్ని మలిచిన ఛాయాగ్రాహకుడి శ్రమంతా ఆ రంగుల కింద మునిగిపోతుంది.

నన్ను ఒకే ఒక్క నటి పేరు చెప్పమంటే బార్బరా స్టాన్‌విక్ అంటాను. హెప్‌బర్న్‌లో చదువుకున్న ఇంటి దర్పం ఉంది, లొంబార్డ్‌లో పిచ్చి ఉత్సాహం ఉంది, డన్‌లో సంస్కారం ఉంది. స్టాన్‌విక్ ఇవన్నీ అవసరాన్ని బట్టి తొడుక్కుని విప్పేయగలదు. ప్రెస్టన్ స్టర్జెస్ రాసి తీసిన ‘ద లేడీ ఈవ్’ (1941)లో ఆమె ఓడలో పేకాట మోసగత్తె. హెన్రీ ఫోండా ఏడాదిపాటు అమెజాన్ అడవుల్లో పాముల మీద పరిశోధన చేసి వస్తున్న కోటీశ్వరుడి కొడుకు. భోజనశాలలో ఆమె అతనికి వీపు తిప్పి కూర్చుని, చేతి అద్దంలో అతన్ని చూస్తుంటుంది. ఓడలోని ఆడవాళ్లు ఒక్కొక్కరే అతని కంట్లో పడాలని చేసే ప్రయత్నాలన్నిటికీ ఆ అద్దంలో చూస్తూనే వ్యాఖ్యానం చెబుతుంది. అతను లేచి తన పక్కగా వెళ్లబోతుంటే కాలు అడ్డం పెట్టి పడేస్తుంది, ఆపైన తన చెప్పు మడమ విరగ్గొట్టాడని అతన్నే నిలదీస్తుంది. తర్వాత గదిలో అతని తల ఒడిసిపట్టుకుని జుట్టు సవరిస్తూ మాట్లాడే ఘట్టం మూడు నిమిషాలకు పైగా ఒకే షాట్‌లో సాగుతుంది. ఎక్కడా ముద్దు లేదు. ఫోండా గొంతు ఎండిపోవడం మాత్రం మనకు వినిపిస్తుంది.

వేగం మధ్యస్థం, నిడివి గంటన్నర పైచిలుకు, కోడ్ హద్దుల్లోనే ఉంటూ కోడ్‌ను ఓడించిన తెలివి. కాప్రా సినిమా, లూబిచ్ ‘షాప్’ చూసినవారు ఎవరైనా మూడో సినిమాగా నేరుగా దీనికి రావచ్చు. గ్రాంట్ సినిమాలు ఆ తర్వాత చూసినా నష్టం లేదు. ఇది నచ్చితే అదే ఏడాది స్టాన్‌విక్ గ్యారీ కూపర్‌తో చేసిన ‘బాల్ ఆఫ్ ఫైర్’ ఉంది. విజ్ఞాన సర్వస్వం రాస్తున్న పండితుల ఇంట్లో ఒక క్లబ్బు గాయని తలదాచుకుంటుంది. ముసలి పండితులకు ఆమె నాట్యం నేర్పే రాత్రి కోసమైనా దాన్ని వదలకండి.